కదలు నేలపై క్షేత్రము

మంథనిలో గోదావరి మెట్లపై కూర్చుండి సంకల్పము చెప్పుకొను గృహస్థుడు తాను చేయబోవు కర్మకు ముందు రెండు సంగతులు తేల్చుకొనును: తాను ఏ కాలమున ఉన్నాడు, తాను ఏ దేశమున ఉన్నాడు. బ్రహ్మదేవుని ఆయువులో రెండవ సగము, శ్వేతవరాహ కల్పము, వైవస్వత మన్వంతరము, కలియుగమున ప్రథమపాదము అని మహాకాలమును ముందుగా పలికి, పిమ్మట జంబూద్వీపము, భరతఖండము, మేరువునకు దక్షిణభాగము, శ్రీశైలమునకు ఫలానా దిక్కు, కృష్ణా గోదావరుల నడిమి దేశము అని తానున్న చోటును చెప్పి, ఆ మీదట మరల కాలమునకే వచ్చి, సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము అని దిగివచ్చును. ఈ క్రమమును నిత్యమును నోటితో పలుకువారు సయితము సాధారణముగా గమనింపని విశేషమొకటి ఇందు కలదు: దేశము రెండు కాలముల నడుమ పొదుగబడియున్నది. యుగమునకు లోపల, సంవత్సరమునకు వెలుపల దాని స్థానము. చోటును మాత్రమే చెప్పి ఊరకుండుటకు సంకల్పము ఒప్పుకొనదు.

ఈ వరుసను కూర్చిన పూర్వులు ఏ ఉద్దేశముతో కూర్చిరో నిర్ధారించుట నా పనికాదు. నేను విచారింపదలచినది వేరొక ప్రశ్న. మనము పుణ్యక్షేత్రమని దేనిని పిలుచుచున్నామో ఆ నేల ఒకచోట నిలిచియుండునది కాదనియు, భూగోళముపై వేలకొలది మైళ్లు ప్రయాణము చేసి వచ్చినదనియు, ఇప్పుడును ప్రయాణించుచునే యున్నదనియు భూగర్భశాస్త్రము నిశ్చయముగా చెప్పుచుండగా, స్థలమాహాత్మ్యమను భావమునకు ఏమి గతి? క్షేత్రము యొక్క పావిత్ర్యము దాని స్థిరత్వముపై ఆధారపడియున్నదా? ఆధారపడియున్నచో ఆ ఆధారము పోయినది. ఆధారపడనిచో మరి దేనిపై నిలిచియున్నది?

ఈ ప్రశ్నను పెద్దపల్లి ప్రాంతమువారు అడుగుట కొక ప్రత్యేకమైన అధికారము కలదు. సాక్ష్యము వారి కాళ్లక్రిందనే యున్నది, అనేకులకు జీవనాధారమును అదియే. గోదావరిఖని, రామగుండముల చుట్టును సింగరేణి సంస్థ త్రవ్వుచున్న బొగ్గు ఈనాటి అడవుల వంటి అడవులు కుళ్లి ఏర్పడినది కాదు. బొగ్గుపొరకు పైనను క్రిందను ఉండు నల్లని మెత్తరాతిని ఒడుపుగా చీల్చినచో, అప్పుడప్పుడు అందులో నాలుకవలె పొడవైన ఆకు అచ్చు కనబడును. నడుమ ఒక దిట్టమైన ఈనె, దానినుండి ఇరువైపులకు వలవలె అల్లుకొని అంచుదాక పోవు సన్నని ఈనెలు. వెలుతురునకు ఏటవాలుగా పట్టినచో ఆ వల రాతిపై లేచి నిలుచును. దీనిని వృక్షశాస్త్రజ్ఞులు గ్లాసాప్టెరిస్ అందురు. సుమారు 27 కోట్ల సంవత్సరముల నాటి ఈ ఆకు గోదావరి లోయలోనేగాక దక్షిణామెరికాలోను, ఆఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను, మంచుతప్ప మరేమియు లేని అంటార్కిటికాలోను ఒకే రూపమున దొరకును. 1912లో దక్షిణధ్రువమును చేరి తిరిగివచ్చుచు త్రోవలో అసువులు బాసిన కెప్టెన్ స్కాట్ బృందమువారు, తిండి లేక కాళ్లీడ్చుచున్న స్థితిలో సయితము విడువక మోసికొని వచ్చిన సుమారు 16 కిలోల రాళ్లలో ఈ ఆకే యున్నది.

ఆ చెట్ల మ్రాను శిలయైన తునకలలో ఏటేట ఏర్పడిన వలయములు స్పష్టముగా కనబడును. ఆకులు ఒక్కసారిగా రాలి పరచుకొనిన పొరలును కలవు. ఏడాది పొడవున వేడిమియుండు మండలమున పెరిగిన చెట్టునకు ఇట్టి వలయములు అరుదు. అనగా నేడు వేసవిలో నలువది అయిదు డిగ్రీల ఎండకు మాడు రామగుండము ఆనాడు శీతకాలమున ఆకురాల్చు చలిదేశము. ఇంకను క్రిందికి, బొగ్గునకు అడుగున, తాల్చీరు శిలలని పేరొందిన పొరలున్నవి. వీనిలో గులకరాళ్లు, బండలు, సన్నని మన్ను ఏ వరుసయు లేక కలగలిసియుండును. నీరు మోసి తెచ్చిన రాళ్లను పరిమాణమునుబట్టి వేరుచేసి పరచును. ఇట్లు కలగలుపుగా కుప్పవోయుట హిమానీనదమునకు సహజము. ఒడిశాలోని తాల్చేరు వద్ద బ్లాన్‌ఫర్డ్ సోదరులు 1856లోనే ఈ సంగతిని గుర్తించిరి. ఆదిలాబాదునకు ఆవల చంద్రపురము సమీపమున ఇరై వద్ద, ఈ పొరలకు అడుగునున్న ప్రాచీనమైన సున్నపురాయి మంచు రాపిడికి నునుపెక్కి, ఒకే దిక్కుగా గీతలు పడియుండుటను ఫెడ్డెన్ అను మరియొక భూశాస్త్రజ్ఞుడు 1870 దశకమున కనుగొనెను. తెలుగుదేశపు గుమ్మముననే మంచునది పారిన జాడ! ఈ వార్త విన్న యూరపు పండితులు మొదట నమ్మజాలకపోవుటలో ఆశ్చర్యములేదు.

ఇట్లు బొగ్గును, మంచుగుర్తులను, వానిపై వచ్చిన పొరలను కలిపి భారత భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన హెన్రీ మెడ్లికాట్ 1872లో గోండ్వానా అను పేరు పెట్టెను. వియన్నా పండితుడు ఎడ్వర్డ్ సూస్ 1885లో ఆ పేరునే తీసికొని, ఒకప్పుడు దక్షిణభూములు కలిసియుండిన మహాఖండమునకు గోండ్వానాలాండ్ అని నామకరణము చేసెను. ఆదిలాబాదు అడవులలో నేటికిని కేస్లాపూరు నాగోబాను కొలుచుచున్న గోండుల పేరు ఈ విధముగా అంటార్కిటికాకు, బ్రెజిలునకు కూడ చెల్లుబాటైనది. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఒక మహాఖండమునకే తమ పేరునిచ్చిన ఆ జనులకు తాము దున్నుకొను చేనిపై పట్టా దొరకుట కష్టమయ్యెను. ఆ హక్కు కొరకే కొమరం భీము 1940లో జోడేఘాట్ వద్ద ప్రాణము విడిచెను. శాస్త్రము ఇచ్చు గౌరవమునకును, ప్రభుత్వము ఇచ్చు కాగితమునకును ఉన్న దూరము ఖండముల నడిమి దూరము కంటె తక్కువది కాదు.

ఆకులే కాక జంతువులును ఈ సాక్ష్యమునే చెప్పును. మాలేరి గ్రామపు ఎఱ్ఱమట్టిలో దొరకు రిన్కోసారు అను చిలుకముక్కు సరీసృపమునకు దగ్గరి చుట్టములు స్కాట్లండులోను, బ్రెజిలులోను, టాంజానియాలోను కలరు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనే యామనపల్లి వద్ద దొరకిన ఎముకలనుండి 1988లో యాదగిరి అను శాస్త్రజ్ఞుడు కోటాసారస్ అను డైనోసారును ప్రపంచమునకు పరిచయము చేసెను. ఆ అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రమున నిలబెట్టబడియున్నది. ఈ జంతువులు సముద్రములు ఈదునవి కావు. కావున సముద్రములే తరువాత వచ్చినవి.

సాక్ష్యము ఇంత గట్టిగా నున్నను లోకము ఏల చాలకాలము అంగీకరింపలేదు? ఇక్కడనే నా ప్రశ్నకు పట్టుకొమ్మ దొరకును. జర్మనీ దేశపు వాతావరణశాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ 1912లో ఉపన్యాసముగా, 1915లో గ్రంథముగా ఖండచలనమును ప్రతిపాదించినపుడు, ఖండములు సముద్రపు అడుగును చీల్చుకొని ముందుకు సాగుచున్నవని తలపోసెను. కేంబ్రిడ్జిలోని హెరాల్డ్ జెఫ్రీస్ మొదలగు భౌతికశాస్త్రజ్ఞులు లెక్కవేసి, సముద్రగర్భపు శిల అంత మెత్తనిది కాదనియు, వెగెనర్ చెప్పిన బలములు అందుకు ఏమాత్రమును చాలవనియు తేల్చిరి. వారి లెక్క సరియైనదే. వెగెనర్ 1930లో గ్రీన్‌లాండు మంచులో చనిపోవునప్పటికి ఆయన సిద్ధాంతము ఒక అందమైన ఊహగానే మిగిలియుండెను.

పొరపాటు లెక్కలో లేదు, లెక్కకు ముందున్న తలంపులో ఉన్నది. నడచువాడొకడు, వాడు నడచు నేల వేరొకటి అని ఇరుపక్షములవారును ముందుగానే విడదీసికొనిరి. ఖండము నడచునది, సముద్రగర్భము అది నడచు దారి. ఈ విభాగమును పట్టుకొని చూచినంతకాలము చలనము అసాధ్యముగానే తోచును. ఆర్థర్ హోమ్స్ 1930 ప్రాంతమున భూగర్భమున వేడిమివలన మెల్లగా పొర్లు ప్రవాహములను సూచించెను. హ్యారీ హెస్ 1962లో సముద్రమధ్యమున గల గిరిపంక్తులవద్ద క్రొత్త సముద్రగర్భము పుట్టుచు ఇరువైపులకు జరుగుచున్నదనెను. 1963లో వైన్, మాథ్యూస్ అను వారు ఆ గిరులకు ఇరుప్రక్కల పరచుకొనిన అయస్కాంత చారలను దానికి సాక్ష్యముగా చూపిరి. 1960 దశకము ముగియునప్పటికి చిత్రము పూర్తియైనది. ఖండము సముద్రగర్భమును చీల్చుకొని పోవుటలేదు. ఖండమును, దాని ప్రక్కనున్న సముద్రగర్భమును కలిసి ఒకే పలకగా, సుమారు నూరు కిలోమీటర్ల మందమున, క్రిందనున్న వేడియైన శిలపై జరుగుచున్నవి. ఆ శిల ద్రవము కాదు, ఘనమే. కాని లక్షల ఏండ్ల కొలతలో అది సాగును. పలక ఒక అంచున పుట్టును, వేరొక అంచున బరువెక్కి చల్లబడి లోనికి క్రుంగును. ఆ క్రుంగు భాగపు బరువే తక్కిన పలకను ప్రధానముగా ఈడ్చుచున్నది. దారియు నడచుచున్నది. నడచువానిని దారినుండి వేరు చేయుటకు వీలులేదు.

ఆచార్య నాగార్జునుని మధ్యమక కారికలలో రెండవ ప్రకరణమునకు విషయము గమనము. పోయిన దారిలో పోకడ లేదు, ఇంకను పోని దారిలోను లేదు, ఆ రెంటిని విడిచి పోవుచున్న దారి వేరుగా దొరకదు. పోవువాడును పోకడయును ఒకటి అనుటకు లేదు, వేరు అనుటకును లేదు అని ఆయన వాదించును. ఈ వాదమును విద్యార్థులు మాటల గారడిగా భావించుట కలదు. జెఫ్రీస్, వెగెనరుల వివాదమును చదివిన పిమ్మట నాకు అది గారడిగా తోచుటలేదు. వేర్వేరుగా నిలువలేని వానిని వేర్వేరు వస్తువులుగా నిలబెట్టి, ఆ పిమ్మట వాని సంబంధమును వెదకువానికి ఎదురగు చిక్కును ఆయన చూపుచున్నాడు. నాగార్జునునికి పలకల సంగతి తెలియునని దీని అర్థము కాదు. ఆ చిక్కు భూశాస్త్రమునకు మాత్రమే చెందినది కాదని అర్థము.

ఇక మన పలక ప్రయాణము. సుమారు 17 కోట్ల సంవత్సరముల క్రిందట గోండ్వానా చీలుట ప్రారంభమైనది. భారతమును, మడగాస్కరును, అంటార్కిటికా ఆస్ట్రేలియాలును ఒక జట్టుగా ఆఫ్రికానుండి విడివడినవి; 13 కోట్ల ప్రాంతమున మనము అంటార్కిటికాను విడిచితిమి; సుమారు 9 కోట్ల ప్రాంతమున మడగాస్కరు మనను విడిచినది. అటుపిమ్మట ఒంటరిగా ఉత్తరమునకు సాగిన ఈ భూఖండములో పెద్దభాగము 6.6 కోట్ల సంవత్సరముల ప్రాంతమున మహాలావాప్రవాహములలో మునిగెను. ఆదిలాబాదు పత్తిచేలలోని నల్లరేగడికి తల్లియైన శిల అదియే. కరిగిన శిల గట్టిపడునపుడు అందలి ఇనుపరేణువులు ఆనాటి భూ అయస్కాంతక్షేత్రపు దిక్కును, వాలును తమలో బంధించుకొనును. ఆ వాలును కొలిచినచో ఆ శిల ఏ అక్షాంశమున పుట్టినదో తెలియును. 1950 దశకమున దక్కను శిలలను ఇట్లు కొలిచినవారికి అవి సుమారు 30 డిగ్రీల దక్షిణ అక్షాంశమున పుట్టినవని తేలినది. నేడు ఆదిలాబాదు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశమున కలదు. ఆ కాలమున మన పలక ఏడాదికి పదునైదు సెంటీమీటర్లకు మించిన వేగమున పరుగిడెను. 5 కోట్ల సంవత్సరముల క్రిందట ఆసియాను తాకి, నడుమనున్న టెథిస్ సముద్రమును మూసివేసి, దాని అడుగును హిమాలయముగా పైకెత్తి, వేగము తగ్గినది. నేడు హైదరాబాదులోని భూభౌతిక పరిశోధన సంస్థయందు ఉపగ్రహ సంకేతములతో కొలుచుచున్న వేగము ఏడాదికి ఇంచుమించు 5 సెంటీమీటర్లు, ఈశాన్యముగా. పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్టలో శాతవాహనుల నాడు బౌద్ధులు సున్నపురాతి పలకలతో తీర్చిన స్తూపము, ఈ లెక్కన, కట్టిననాటి చోటునుండి దాదాపు 100 మీటర్లు జరిగియున్నది. ఆ ప్రయాణమువలన ముచలింద నాగుని పడగలు చెక్కిన ఆ రాతి పలకలు అంగుళమైనను పక్కకు ఒరగలేదు.

టెథిస్ సముద్రము మూసికొనెనంటిని. దాని జీవులలో నొకటి మన పూజామందిరములలో నున్నది. గండకీ నదిలో దొరకు సాలగ్రామము లోపల చుట్టలు చుట్టుకొని, చుట్టచుట్టకు అడ్డగీతలు తీరి, చక్రమువలె కనబడు ఆకృతి అమ్మోనైటు అను సముద్రజీవి గుల్లయొక్క ముద్ర. సుమారు 15 కోట్ల సంవత్సరముల నాడు మనకును ఆసియాకును నడుమ బురదలో పడి శిలయైన ఆ గుల్ల, సముద్రము మూసికొని పర్వతముగా లేచినపుడు దానితో లేచి, గండకి కోతకు రాలి, యాత్రికుల చేతులమీదుగా గోదావరి తీరపు ఇండ్లకు వచ్చినది. సాలగ్రామమునకు ప్రాణప్రతిష్ఠ అక్కరలేదని, ఆవాహన విసర్జనములు లేవని సంప్రదాయము. విష్ణుసాన్నిధ్యము దానియందు సహజము. అది ఎచ్చట నున్నను అచ్చట క్షేత్రమే. స్థావరముగా నిలువని వస్తువునకు ఇంతటి పూజ్యతను ఇచ్చిన సంప్రదాయము, పావిత్ర్యమును స్థిరత్వముతో ముడిపెట్టినదని ఎట్లనగలము?

ఇంతవరకు వచ్చిన పిదప ఒక ప్రలోభమునుండి తప్పించుకొనవలసియున్నది. సంకల్పమున దేశమును కాలముల నడుమ పొదిగిరి గనుక మన ఋషులకు ఖండచలనము తెలియుననియు, వరాహమూర్తి భూమిని సముద్రమునుండి ఎత్తుట హిమాలయోద్ధరణమే యనియు, కల్పమునకు చెప్పిన 432 కోట్ల సంవత్సరములు శాస్త్రజ్ఞులు భూమికి చెప్పు 454 కోట్లకు చేరువ గనుక అది రుజువైనదనియు వ్రాయువారు కలరు. ఇట్టి పోలికలు శాస్త్రమునకు సేవ చేయవు, పురాణమునకును చేయవు. లెక్క తగిలినచోట చప్పట్లు కొట్టి, తగలనిచోట మౌనము వహించుట విచారము కాదు. ఆ పంచాంగము ప్రకారమే శ్వేతవరాహ కల్పమున ఇప్పటికి గడచినవి 197 కోట్ల సంవత్సరములు మాత్రమే. భూమి వయస్సుతో పోల్చవలసినది గడచిన కాలమునే గాని మొత్తమును కాదు. ఆ మాట ఎవరును ఎత్తరు. క్రీ.శ. 499లో ఆర్యభటుడు భూభ్రమణమును చెప్పి, నావలో పోవువానికి గట్టున నున్నవి వెనుకకు పోవుచున్నట్లు తోచునను దృష్టాంతమిచ్చెను. బ్రహ్మగుప్తుడు దానిని ఖండించెను. మన పూర్వులు ఏకగ్రీవముగా సర్వమును ఎరిగినవారు కారు. వారు వాదించిరి, ఒకరినొకరు కాదనిరి. అది వారికి గౌరవమే.

ఆగమశాస్త్రమున మాత్రము ఈ ప్రశ్నకు సూటియైన సమాధానము కలదని నాకు తోచును. మూలవిరాట్టు అచలము, ఉత్సవమూర్తి చలము. కాని అచలమైన మూర్తి విషయమున గూడ, ఆలయమును జీర్ణోద్ధారము చేయవలసివచ్చినపుడు, కళాకర్షణమను క్రియతో బింబమునందలి సాన్నిధ్యమును కలశమునందు ఆవాహనము చేసి, బాలాలయమున నుంచి, పనులు ముగిసిన పిదప మరల ప్రతిష్ఠింతురు. శ్రీశైలము ప్రాజెక్టు నీటిలో మునుగనున్న కూడలి సంగమేశ్వరాలయమును రాళ్లు విప్పి ఆలంపురమునకు తరలించి తిరిగి కట్టిరి. సాన్నిధ్యము చోటునకు బందీయైయుండినచో ఈ క్రియలన్నియు నిరర్థకములు. సాన్నిధ్యము ఒక సంబంధము: బింబమునకు అర్చకునితో, అర్చకునికి ఊరితో, ఊరికి ఏటితో. సంకల్పమున దేశమును చెప్పు తీరును ఇదియే. మేరువునకు దక్షిణము, శ్రీశైలమునకు ఒక దిక్కు, రెండు నదుల నడుమ అని ఒక చోటును మరియొక చోటుతో పోల్చియే చెప్పుదుము. శ్రీశైలమును, కృష్ణయు, గోదావరియు, మంథనియు ఒకే పలకపై ఒకే వేగమున సాగుచున్నంతకాలము ఆ మాటలలో అక్షరమైనను తప్పు కాదు. క్షేత్రము జరిగినదనుటకు అది విడిచి వచ్చిన స్థిరమైన అడుగు ఒకటి వేరుగా ఉండవలెను. అట్టి అడుగు లేదని గదా ఇందాక చూచితిమి!

శాస్త్రపండితులు చెప్పు ఈ మాటను గ్రంథము చదువనివారు ఆచరణలో మరింత తేటగా చూపుదురు. సింగరేణి కార్మికులు గనిని బాయి అందురు. బాయి మొగదల మైసమ్మ యుండును. షిఫ్టునకు దిగబోవువాడు తలమీది టోపీ సర్దుకొని, ఆ తల్లికి ఒక దండము పెట్టి దిగును. క్రొత్త గని తెరచినచోట ఆమెయు వెలయును. ఆమె ఆ గోతికి కాపు గాని ఆ అక్షాంశమునకు కాదు. ఇక నాగోబా జాతరకు ముందు మెస్రం వంశమువారు కాలినడకన జన్నారం చేరువనున్న హస్తినమడుగునకు పోయి, ఝారీలో గోదావరి జలమును నింపుకొని, మరల నడచి కేస్లాపూరు చేర్చి, పుష్యమాస అమావాస్యనాటి రాత్రి ఆ జలముతో దేవుని అభిషేకింతురు. కేస్లాపూరు నేల దానియంతట అదియే చాలునని వారనుకొనరు. ఏటేట నడచి, ఏటిని గుడికి కలిపినగాని పూజ సాగదు. గోండ్వానా అను పేరు గల ఖండము చీలి కోట్ల ఏండ్లయినది. ఆ పేరు గల జనులు తమ క్షేత్రమును ప్రతి సంవత్సరము కాళ్లతో కూర్చుకొనుచున్నారు.

ఒక ఆక్షేపణకు జవాబు చెప్పవలసియున్నది. పావిత్ర్యము సంబంధమున నున్నచో, సంబంధమే తెగినపుడు ఏమగును? ఈ ప్రశ్న గోదావరి ఒడ్డున ఊహాప్రశ్న కాదు. ప్రాణహిత గోదావరుల లోయ ఆగ్నేయముగా తిన్నగా సాగుట యాదృచ్ఛికము కాదు. కరీంనగరమున్న ధార్వాడ శిలాపీఠమునకును, ఆవలి బస్తరు పీఠమునకును నడుమ భూమి ఒకప్పుడు విడిపోజూచి, దిగబడి, ఆగిపోయిన చీలిక ఇది. ఆ దిగబడిన పల్లమున కిలోమీటర్ల మందమున మన్ను పేరుకొనుటచేతనే మనకు బొగ్గు దక్కినది. విడిపోవుట పూర్తియైయుండినచో మంథనికి తూర్పున సముద్రమే యుండెడిది. పాత చీలికలు పూర్తిగా మానవు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము వద్ద 5.7 పరిమాణమున, 2024 డిసెంబరు 4 ఉదయమున ములుగు మేడారము అడవుల ప్రాంతమున 5.3 పరిమాణమున భూమి కంపించినది. హిమాలయమువద్ద అడ్డగింపబడిన పలకలో పేరుకొను ఒత్తిడి ఇట్టి బలహీనమైన పాత పగుళ్లవెంట విడుదల యగుచుండును. ములుగు ప్రకంపనల నాడు పెద్దపల్లిలోను, కరీంనగరములోను ఇండ్లలోని గిన్నెలు మ్రోగినవి, జనులు వీథులలోనికి వచ్చిరి.

సంబంధము తెగును. మడగాస్కరుతో మనకు తెగినది. ప్రళయమును ఒప్పుకొనిన మతమునకు ఈ మాట గొడ్డలిపెట్టు కాదు. నిత్యత్వమును అది భూమికి ఏనాడును ఇచ్చియుండలేదు. నన్ను కలవరపెట్టునది పలక తెంపు తీరు కాదు, మనము తెంపు తీరు. పలక ఒక సంబంధమును తెంపుటకు కోటానుకోట్ల ఏండ్లు తీసికొనును. ఈలోపల నదులు త్రోవ మార్చుకొనును, అడవులు వలసపోవును, జంతువులు క్రొత్త రూపులు దాల్చును. ఓపెన్‌కాస్టు గని ఒక ఊరిని, దాని చెరువును, బొడ్రాయిని, వల్లకాటిని, పోచమ్మ చెట్టును ఒక్క తరములోనే పెకలించి పరిహారపు కాగితము చేతికిచ్చును. పునరావాస కాలనీలో ఇల్లు కట్టుకొనినవానికి గుడి కట్టించియిచ్చుట కష్టము కాదు. ఏ చేనికి ఏ దేవత కాపో తెలిసిన ముసలివారి మాటను ఎవ్వరును కట్టించియియ్యలేరు. ఖండచలనమును చూచి మతము బెదరవలసిన పనిలేదు గాని, దీనిని చూచి బెదరవలసియున్నది. మన ధార్మికోపన్యాసములలో ఈ ప్రస్తావన అరుదుగా వినబడును.

దూరదేశములకు పోయిన తెలుగువారు ఈ చిక్కును తమ తీరున పరిష్కరించుకొనిరి. అమెరికాలోని ఆలయములలో అర్చకులు సంకల్పమున జంబూద్వీపమును విడిచి క్రౌంచద్వీపమనియు, రమణకవర్షమనియు, ఐంద్రఖండమనియు పలుకుట వాడుకయైనది. పురాణములలోని క్రౌంచద్వీపము అమెరికాయే యని నిరూపించు ప్రమాణము నాకు కనబడదు. అయినను కర్త ఎక్కడ కూర్చుండెనో అక్కడి పేరునే చెప్పవలెనని, కరీంనగరమున కూర్చున్నట్లు నటింపరాదని వారు చేసిన నిర్ణయము సరియైనది. 1970 దశకమున తెలుగువారు మొదలగువారు పూనుకొని వేంకటేశ్వరాలయము కట్టుకొనిన పిట్స్‌బర్గు కూడ, రామగుండము వలెనే, బొగ్గు పట్టణము. ఆ కొండలక్రింది బొగ్గు మన బొగ్గుకంటె కొంచెము పాతది, సుమారు 30 కోట్ల సంవత్సరములది. ఆనాడు ఆ నేల భూమధ్యరేఖ చెంత వేడి చిత్తడి అడవులతో నుండెను. అక్కడి శిలీభూతమైన మ్రానులలో సామాన్యముగా వార్షిక వలయములు కనబడవు. మన నేల దక్షిణమున చలికి ముడుచుకొనియుండెను. నేడు అక్కడ నెలల తరబడి మంచు కురియును, ఇక్కడ రోహిణికార్తెలో రోళ్లు పగులును. రెండు నేలలును తమతమ అక్షాంశములను మార్చుకొని, రెండు ఊళ్లకు బొగ్గును పంచియిచ్చిన పిమ్మట, గోదావరిఖనినుండి పోయిన ఇంజనీరు ఒకడు అక్కడ పీటపై కూర్చుండి, అర్చకుడు చెప్పగా, ఆ దేశపు పేరును ఆ సంవత్సరపు పేరును తప్పులేకుండ పలుకుచున్నాడు.